అంచు ఎవరిదో బొంత వాళ్లది

బొంతకు అంచు ఎంచుకోవడం కూడా ఒక పెద్ద సంగతేనా, దాని కోసం అక్కాతమ్ముళ్ల మధ్య మూడు వారాలు మాటలు బందవుతాయా అని మీరు అడగవచ్చు. మా ఇంట్లో అయ్యాయి. నేనే బంద్ చేశాను. అందుకు నాకు ఇవాళ్టికీ రవ్వంత బాధ లేదు. ముందే చెప్తున్నాను, చివరిదాకా చదివి అది దొరకలేదని నన్ను తిట్టుకోవద్దు.

నేను చిలకలగూడలో ఉంటాను. ముందుగదిలో కుట్టుమిషన్, వెనకగదిలో అమ్మ. చీరలకు ఫాల్స్ కుడతాను, పీకో చేస్తాను, జాకెట్లు కుడతాను. ముప్పై ఏళ్లుగా ఈ చుట్టుపక్కల ఆడవాళ్ల చీరల అంచులన్నీ నా చేతుల మీదుగానే పోయాయి. ఒక అంచును రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపితే అది ఎన్ని ఉతుకులు చూసిందో, ఇంకా రంగు వదులుతుందో లేదో చెప్పగలను. మనుషుల విషయంలో నాకంత తెలివి లేదు. నాకు ముక్కు మీదే కోపం. అమ్మా నేనూ ఇద్దరమే ఎందుకుంటామని ఆరాలు తీసేవాళ్లకు నేను చాయ్ కూడా పోయను.

మా వాళ్లలో బొంతకు ఒక పద్ధతి ఉంది. బొంత లోపల ఎవరి బట్ట ఉన్నా ఫరవాలేదు. పాత ధోవతులు, చిరిగిన లుంగీలు, మెత్తబడ్డ దుప్పట్లు, ఏవైనా సరే నాలుగు పొరలుగా పరిచి, కదలకుండా టాకాలు వేసి, పైనుంచి వరసగా సన్నటి కుట్లు వేసుకుంటూ పోవడమే. పై బట్టకూ పట్టింపు లేదు. పట్టింపంతా అంచు దగ్గరే. నాలుగు వైపులా తిరిగే అంచు ఒక్క మనిషి చీరదే కావాలి. ఆమె కట్టి, ఉతికి, నలిపిన చీరదే కావాలి. మధ్యలో అతుకు పడకుండా ఒకటే ముక్క కావాలి. అంచు ఎవరిదో బొంత వాళ్లది. కుట్టింది ఎవరని ఎవరూ అడగరు.

బిడ్డ పుట్టిన ఇరవై ఒకటో రోజు తొట్టెలలో వేస్తాం కదా, అప్పుడు బొంత పరిచే ముందు ఎవరో ఒకరు గట్టిగా అడగాలి, బొంత ఎవరిది అని. అంచు ఇచ్చిన మనిషి లేచి 'నాది' అని చెప్పి, తన చేత్తోనే పరచాలి. ఆ ఒక్క మాటతో ఆ బిడ్డ మంచికీ చెడుకూ ఆమెది కూడా బాధ్యత అయిపోతుంది. తొట్టెల దగ్గర ఆ మాట అబద్ధం చెప్తే బిడ్డకు తగులుతుందని మావాళ్ల భయం. నాకా భయం లేదు. కానీ నా నమ్మకంతో పనేముంది, ఆ భయమే ఒకరోజు నాకు పనికొచ్చింది. అది తర్వాత చెప్తాను.

అమ్మ తన చేత్తో ఎన్ని బొంతలు కుట్టిందో లెక్క లేదు. గల్లీలో ఎవరింట్లో కాన్పయినా బట్టలు మూటగట్టుకుని మా ఇంటికే వచ్చేవాళ్లు. కుట్టి ఇచ్చేది. కానీ ఆమె పేరున బొంత ఒక్కటీ లేదు. 'నాది' అని ఆమె ఎప్పుడూ అనలేదు. ఎందుకంటే ఆమె దగ్గర అంచు కోసి ఇవ్వదగ్గ చీరలు లేవు. ఉన్నవన్నీ దవాఖాన చీరలే.

నాన్న మాకు ఊహ తెలిసేసరికే లేడు. అమ్మ సర్కారు దవాఖానలో, కాన్పుల వార్డులో ఆయమ్మగా చేరింది. లేత నీలం నూలు చీర, మూడు వేళ్ల వెడల్పున ముదురాకుపచ్చ అంచు. సికింద్రాబాద్‌లో ఆ అంచు తెలియని పాతకాలపు మనిషి ఉండడు. ఆ చీర కట్టుకునే ఆమె నెత్తురు కడిగింది, మలమూత్రాలు ఎత్తింది, పుట్టిన పిల్లల ఒళ్లు తుడిచి తల్లుల పక్కన పడుకోబెట్టింది. అక్కడ 'ఆయమ్మా, ఆయమ్మా' అని కాళ్లు పట్టుకున్న ఆడవాళ్లే, ఇక్కడ గల్లీలో పంపు దగ్గర ఆమె కొంగు తగిలితే బిందె మళ్లీ కడుక్కునేవాళ్లు. నేను చూశాను. తొమ్మిదేళ్లు నాకు. ఒకామె బిందె కడుగుతుంటే రాయి తీసుకుని ఆ బిందెకు సొట్ట పెట్టాను. అమ్మ నన్ను కొట్టింది. ఆ మరుసటి రోజు నుంచి డ్యూటీకి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ చీర మీద గోధుమరంగు శాలువా కప్పుకునేది. ఎండాకాలంలో కూడా. ముప్పై ఏళ్లు ఆ శాలువా దిగలేదు.

తమ్ముడికీ నాకూ ఒకటే బొంత ఉండేది. అది చంటిపిల్లల కొలతకు కుట్టింది. మేం పెరిగాం, అది పెరగలేదు. అమ్మ డ్యూటీలో ఉన్న రోజుల్లో ఇద్దరం కాళ్లు కడుపులోకి ముడుచుకుని దాని కిందే పడుకునేవాళ్లం. వాడు దాన్ని లాక్కునేవాడు. వాడికే వదిలేసేదాన్ని. ఇవాళ వాడికి తిరుమలగిరిలో మూడు పడగ్గదుల ఫ్లాటు, పెద్ద ఉద్యోగం, కారు. సంతోషం. నా కళ్లు కుట్టలేదు. వాడి ఫీజు కోసం అమ్మ ఇంకొకరి డ్యూటీలు కూడా చేసిన రోజులు నాకు గుర్తున్నాయి, వాడికీ గుర్తున్నాయనుకున్నాను.

లేవని వాడి కూతురి పెళ్లిలో తెలిసింది. పెళ్లికొడుకు వాళ్లు బందరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడ వ్యాపారంలో స్థిరపడ్డవాళ్లు. మర్యాదస్తులు, 'అండి' లేకుండా పిల్లిని కూడా అదిలించరు. ఆ వియ్యపురాలు అమ్మ దగ్గరికి వచ్చి కూర్చుని, సంచిలోంచి ఒక మాత్రల పట్టీ తీసి, "పిన్నిగారూ, మీరైతే చెప్తారు, ఇది భోజనానికి ముందా అండి, తర్వాతా?" అని అడిగింది. అమ్మకు అక్షరం ముక్క రాదు. దాన్ని అటూ ఇటూ తిప్పి, "కండ్లద్దాలు తేలేదమ్మా" అంది. కళ్లద్దాలు ఆమె కొంగు ముడిలోనే ఉన్నాయి. నేను పక్కనే ఉన్నాను. ఆ వియ్యపురాలు నవ్వుతూ నాతో, "నర్సుగా అన్నేళ్లు చేసినవారు కదండీ" అంది.

అప్పుడు తెలిసింది నాకు, నా తమ్ముడు అమ్మను నర్సు చేశాడని. అమ్మకు అంతకుముందే తెలుసు. నాకు చెప్పలేదు. ఆ రోజు నుంచి వియ్యాలవారు వస్తున్నారంటే చాలు, అమ్మకు మోకాళ్ల నొప్పి వచ్చేది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అని ఊరికే అనలేదు పెద్దలు.

ఇదీ ముందు కథ. ఆ మేనకోడలికి ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రి నుంచే నాకు ఫోన్ చేసింది. "అత్తా, బొంత నువ్వే కుట్టాలె. నానమ్మ అంచు వెయ్యి. నాకు నానమ్మ బొంతనే కావాలె" అంది. ఆ పిల్లకు వాళ్ల నాన్న బుద్ధి రాలేదు, మా అదృష్టం. అమ్మకు ఈ మాట చెప్పాను. ఆమె బియ్యం ఏరుతోంది. చేయి ఆగింది. "నా అంచా?" అంది. ఏరిన బియ్యమే మళ్లీ ఏరింది. మునిమనుమరాలికి ఇవ్వకపోతే ఇంక ఎవరికిస్తుంది? ఎనభై దాటిన మనిషి. ఇది తప్పితే ఆమె జన్మలో 'నాది' అనే మాట ఇంక లేదని నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

మూడో రోజు తమ్ముడూ మరదలూ వచ్చారు. మరదలి చేతిలో ప్లాస్టిక్ కవరు. రాంగోపాల్‌పేట్‌లో లేసుల దుకాణాలన్నీ తిరిగి వచ్చిందట. నా మిషన్ మీద ఒక్కొక్కటే పరిచింది. బంగారు జరీది ఒకటి, అద్దాలు కుట్టింది ఒకటి, ముత్యాలు వేలాడేది ఒకటి, ఎర్రటి పట్టు అంచు ఒకటి.

"చూడు వదినా, ఏది బాగుంటది? నాకైతే గీ ఎర్రది నచ్చింది. వీడియోల మంచిగ కనవడ్తది."

ఆమె మంచిదే. కాకపోతే ఆమెకు బతుకంతా వీడియో. "ముత్యాలు పిల్ల నోట్లె పెట్టుకుంటది. అద్దాలు గీస్కపోతయ్. జరీ గుచ్చుకుంటది," అన్నాను. "ఇగ గీ ఎర్రది. పాత బట్ట మీద కొత్త అంచు వేస్తే మొదటి ఉతుకుకే అంచు గుంజుకుంటది, బొంత అప్పడం లెక్క ముడుచుకుంటది. రంగు పోయి పిల్ల గులాబీ రంగుకు తిరుగుతది."

"ఉతికేటప్పుడు చూద్దాంలే వదినా. ఫంక్షన్ రోజుకు బాగుంటే చాలు."

"మరి బొంత ఎవరిదంటే ఏమంటవ్? నువ్వు కట్టని అంచు నీదెట్లయితది?"

"ఎవరికి తెలుస్తది వదినా," అని నవ్వింది.

నేను అమ్మ చీర సంగతి ఎత్తాను. మేనకోడలు ఫోన్ చేసిన సంగతి చెప్పాను. తమ్ముడు ఒక్కసారి కుర్చీలోంచి లేచాడు.

"అక్కా, నీకు దండం పెడ్త. జెర సమజ్ చేసుకో. వాళ్లకు నర్సు అని చెప్పి ఉన్న. ఇప్పుడు గా చీర అంచు పట్టుకొస్తే నా ఇజ్జత్ ఏం గావాలె? సికింద్రాబాద్‌ల సగం మంది గా దవాఖాన్లనే పుట్టిండ్రు. ఫంక్షన్‌కు వచ్చినోళ్లు చూడంగనే గుర్తుపడ్తరు."

"నీ ఇజ్జత్ సంగతి తర్వాత. అమ్మదేమైంది మరి?"

"అమ్మను నేనేమన్న తక్కువ చేసిన్నా? నర్సు అని ఎక్కువే చేసి చెప్పిన గదా!"

ఆ మాట విన్నాక నాకు ఒళ్లు మండిపోయింది. వాడు నిజంగానే నమ్ముతున్నాడు, తల్లికి ప్రమోషన్ ఇచ్చానని! "ఎక్కువ జేసినవా? ముప్పై ఏండ్లు ఆమె చేసిన పనే లేదన్నవ్‌రా నువ్వు. గా పని కూడు తిని పెరిగినవ్. సిగ్గుండాలె," అన్నాను. ఇంకా చాలా అన్నాను. అవన్నీ అచ్చులో పెట్టేవి కావు.

అమ్మ వెనకగది గడప మీద నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో చూడలేదు. "పోనియ్యి బిడ్డా," అంది నాతో. "వాడు చెప్పినట్టే చెయ్యి. బొంతదేముంది, పిల్ల ఉచ్చ పోసేదే గదా. దానికింత పంచాది ఎందుకు?"

తమ్ముడి ముఖం వెలిగింది. "చూసినవా, అమ్మనే వద్దంటున్నది," అన్నాడు. ఆ లేసులు నా మిషన్ మీదే వదిలేసి పోయారు. వాడు కారెక్కుతుంటే, ఇవాళ్టి నుంచి నాతో మాట్లాడకు అని గల్లీ అంతా వినపడేలా చెప్పాను. చెప్పినట్టే ఉన్నాను. వాడు రోజూ ఫోన్ చేసేవాడు. నేను ఎత్తి, వాడి గొంతు వినపడగానే అమ్మ చేతికిచ్చేదాన్ని.

లోపలి పొరలన్నీ వారంలో అయిపోయాయి. అంచు ఒక్కటే మిగిలింది. అమ్మ ఆ ఊసే ఎత్తలేదు. బియ్యం ఏరేటప్పుడు ఆగిన ఆ చేయి నా కళ్ల ముందే తిరుగుతోంది. ఒక మధ్యాహ్నం ఆమె తిని పడుకుంది. నేను మంచం కింది ట్రంకు పెట్టె లాగాను. అడుగున, శాలువా కింద ఉంది చివరి చీర. రిటైరైన రోజు కట్టుకున్నది. ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ మడత మీద దాచింది. నీలం దాదాపు తెల్లబడింది. ఆకుపచ్చ అంచు మాత్రం గట్టిగా ఉంది. వేళ్ల మధ్య నలిపి చూశాను. ఇంక వదలడానికి దాని దగ్గర రంగు లేదు, ముడుచుకోవడానికి బిగువు లేదు. బొంతకు ఇంతకన్నా మంచి అంచు ఏ దుకాణంలోనూ దొరకదు. ఒక కొసన నల్లదారంతో అమ్మ కుట్టుకున్న గుర్తు ఉంది, ఒక చుక్క, ఒక గీత. దవాఖానలో ఆయమ్మలందరి చీరలూ ఒకటే కుప్పగా ఉతుకుతారు. ఆ కుప్పలో తన చీర తాను పోల్చుకోవడానికి ఆ గుర్తు.

కత్తెర తీసుకుని ఒక పక్క అంచు మొత్తం, ఈ కొస నుంచి ఆ కొస దాకా, ఒకటే ముక్కగా కోసేశాను. ఆ గుర్తును తలవైపు మూలన వచ్చేటట్టు పెట్టి కుట్టడం షురూ చేశాను. నాకు ఎంత కోపంగా ఉందంటే, చేతిలో సూది ఎటు పోతోందో కూడా సరిగ్గా చూడలేదు.

అమ్మ లేచి వచ్చి చూసింది. బొంత చూసింది, నా ఒళ్లో మిగిలిన నీలం చీర చూసింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. మెల్లగా మంచం మీద కూర్చుంది.

"నన్ను అడిగినవా?" అంది.

నేను సూది బొంతకు గుచ్చి పక్కన పెట్టాను.

"వాడు నన్ను నర్సును చేసిండు, అడగలే. నువ్వు నా చీర కోసినవ్, అడగలే. మీ ఇద్దరికి నేను కుప్పల చీర లెక్క అయిపోయిన."

నన్ను చెంప మీద కొట్టినా అంత తగలదు. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. తమ్ముడి మీది కోపంతో అమ్మ పెట్టె తెరిచాను. వాడికి బుద్ధి చెప్పాలన్న దుగ్ధలో, ఆమె ఇష్టమేమిటో వాడిలాగే నేనూ అడగలేదు. పోట్లాడినందుకు బాధ లేదని మొదట్లో అన్నాను, ఆ మాట మీదే ఉన్నాను. కానీ అడగనందుకు ఉంది.

మర్నాడు పొద్దున్నే నేను పాలు కాస్తుంటే, అమ్మ ముందుగదిలో వెలుతురు పడేచోట గడప పక్కన కూర్చుని ఉంది. ఒళ్లో బొంత. కొంగు ముడి విప్పి కళ్లద్దాలు పెట్టుకుంది. బొంత మూలను ముక్కు దగ్గరదాకా ఎత్తి చూస్తోంది.

"మూల గిట్లనా మడిచేది? కుక్క చెవి లెక్క లేచింది. ముప్పై ఏండ్ల సంది కుడ్తున్నవ్, గీ మాత్రం తెల్వదా?"

"కోపంల కుట్టిన," అన్నాను.

"కోపంల కుడితే మూలలు గిట్లనే వస్తయ్." నా కుట్లు రెండు విప్పేసింది. "దవాఖాన్ల మంచం మీద దుప్పటి మడిచినట్టు మడువాలె. ముందుగాల ఇటు గుంజు. గా కొస కిందికి తొయ్యి. గప్పుడు పైనుంచి తే. చూసినవా? రోగి ఎంత దొర్లినా లేవదు."

నేను పక్కన కూర్చున్నాను. "అమ్మా, నీకు ఇష్టం లేకుంటే ఇప్పుడే మొత్తం విప్పుత. ఎర్రదే వేస్త. నిజంగ చెప్తున్న," అన్నాను. అన్నాను గానీ, నిజంగా విప్పమంటుందేమోనని కత్తెరను కాలితో అవతలికి తోశాను.

ఆమె ఆ మూల కుట్టు పూర్తి చేసి, దారం నా వైపు చాపింది, తెంపమని. ఆమెకు కొరకడానికి పళ్లు లేవు. "విప్పితే పాత బట్టకు చిల్లులు పడ్తయ్," అంది. "ఇంకా మూడు మూలలున్నయి. ఇటియ్యి." మిగిలిన మూడు మూలలూ ఆమే కుట్టింది. రెండు రోజులు పట్టింది. నేను సూదిలో దారం ఎక్కించి ఇవ్వడం తప్ప ఏమీ చేయలేదు.

తొట్టెల రోజు ఆటోలో తిరుమలగిరి పోయాం. బయలుదేరేటప్పుడు నేను అలవాటుగా శాలువా తీసి ఇవ్వబోతే, "ఉక్కపోస్తున్నది, వద్దు," అంది అమ్మ. బొంతను సంచిలో పెట్టి ఒళ్లో పెట్టుకుంది. దారంతా రెండు చేతులూ సంచి మీదే ఉన్నాయి. ఏం చేయబోతోందో నేను అడగలేదు.

తమ్ముడు తలుపు దగ్గరే సంచి చూశాడు. "అమ్మా, అది సంచిలనే ఉండనియ్యి," అన్నాడు మెల్లగా. నన్ను చూడలేదు. లోపల హాలు నిండా జనం, పూలు, వీడియో తీసే మనిషి. వాళ్లు బారసాల అంటారు, మేం తొట్టెల అంటాం. బోర్డు మీద రెండూ రాయించాడు మా తమ్ముడు, ఎవరూ నొచ్చుకోకుండా. తొట్టెల పక్కన కుర్చీ మీద ఒక కొత్త బొంత తళతళలాడుతోంది. ఎర్రటి పట్టు అంచు. నేను కుట్టకపోతే అలాంటి అంచే ఇంకొకటి కొని ఇంకొకరితో కుట్టించుకుంది మరదలు. అంచు చాలలేదేమో, ఒక పక్కన అతుకు కూడా వేశారు. నా కంటికి అది దూరం నుంచే కనిపించింది.

మేనకోడలు పిల్లను ఎత్తుకుని వచ్చింది. వియ్యపురాలు ముందుకొచ్చి నవ్వుతూ, "మీ పద్ధతిలో ఏదో అడగాలటగా, మా కోడలు నేర్పించింది. బొంత ఎవరిదండీ?" అంది.

మరదలు ఎర్ర అంచు బొంత చేతిలోకి తీసుకుంది. నోరు తెరిచింది. మాట రాలేదు. ఎవరికి తెలుస్తదని నా దగ్గర నవ్విన మనిషే. కానీ ఆమెదీ మా పద్ధతే, మా భయమే. కట్టని చీర, కొన్న అంచు, ఎదురుగా ఇరవై ఒక్క రోజుల మనుమరాలు. 'నాది' అంటే అబద్ధం. ఆమె పెదవులు కదిలాయి గానీ, అబద్ధం బయటికి రాలేదు. ఆ ఒక్క విషయంలో ఆమె మీద నాకు ఎప్పటికీ గౌరవమే.

"బొంత ఎవరిదండీ?" వియ్యపురాలు మళ్లీ అడిగింది, తాను తప్పుగా అడిగిందేమో అన్నట్టు అటూ ఇటూ చూస్తూ.

"నాది," అంది అమ్మ.

మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. సంచిలోంచి బొంత తీసింది. జనం జరిగి దారి ఇచ్చారు. వియ్యపురాలు అంచు పట్టుకుని చూసి, "ఎంత మెత్తగా ఉందండీ పిన్నిగారూ! ఏ ఊరి నేత ఇది, వెంకటగిరా?" అంది.

"ఆఁ, అదే, వెంకటగిరిదే," అన్నాడు తమ్ముడు గబగబా.

"కాదు," అంది అమ్మ. "దవాఖాన చీరది. కాన్పుల వార్డుల ఆయమ్మ చీర. నేను నర్సమ్మను గాదమ్మా. గా రోజు మీరు మాత్ర చూపిస్తే కండ్లద్దాలు తేలేదన్న. కొంగులనే ఉండె. నాకు సదువు రాదు." ఊపిరి తీసుకుంది. "ముప్పై ఏండ్లు ఆయమ్మ పని చేసిన. గీ ఊర్ల ఎంతమంది పిల్లల నెత్తురు తుడిచిన్నో నాకే తెల్వదు. ఏ బిడ్డకు సుత నా చేతుల తక్లీఫ్ కాలే. నా పని నాకు తక్కువగ అనిపించలే. దాచినోళ్లకు అనిపించిందేమో. నేను సుత శాలువ కప్పుకొని దాచిన. ఇగ దాచ."

వీడియో తీసే మనిషి కెమెరా దించాలో వద్దో తెలియక తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు నేల వైపు చూస్తున్నాడు. వియ్యపురాలు ఒక్క క్షణం వాడి వైపు చూసి, అమ్మ వైపు తిరిగింది. "పాప ఏడుస్తోందండీ, పరవండి," అంది. ఆమె మనసులో ఏమనుకుందో నాకు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు. అమ్మ బొంత పరిచి, నల్లదారం గుర్తు ఉన్న మూలను తలవైపు పెట్టి, పిల్లను ఎత్తుకుంది. ఆ ఎత్తుకోవడంలో ఎనభై ఏళ్ల వణుకు లేదు. ఒక చేయి మెడ కింద, ఒక చేయి నడుము కింద, అంతే. నేను అందరి ముందూ ఏడ్చాను. ఏడిస్తే ఏం?

సాయంత్రం ఆటో ఎక్కబోతుంటే తమ్ముడు కారు తెచ్చాడు. అమ్మ ముందు కూర్చుంది, నేను వెనక. ఎర్ర లైటు దగ్గర బండి ఆగింది.

"బిడ్డా," అంది అమ్మ, వెనక్కి తిరక్కుండానే. "చీరకు రెండంచులుంటయ్ గదా. ఇంకోటి ఉన్నదా?"

"ఉన్నదమ్మా."

"దానితోని వీనికో బొంత కుట్టు."

తమ్ముడు స్టీరింగ్ మీది చేతులు కదపలేదు. నా బుద్ధి పోనిచ్చుకోలేక అన్నాను, "పెద్దమనిషి బొంతకు గా అంచు చాలదమ్మా. అతుకు పడ్తది."

"అతుకెందుకు? అంచు చాలినంతే కుట్టు. కాళ్లు ముడుచుకొని పండుకుంటడు. చిన్నప్పుడు పండుకోలేదా?"

లైటు పచ్చగా మారింది. వెనక హారన్లు మోగాయి. తమ్ముడు బండి కదపలేదు.

మర్నాడు పొద్దున్నే నేను ఆ రెండో అంచు కోశాను. ఈసారి అమ్మను అడిగే కోశాను.